కాళ్ల కింద ఐసు



మన తెలుగులో మంచు అన్నది ఒకటే మాట. తెల్లవారుజామున గడ్డిపరకల మీద నిలిచేదీ మంచే, లంబసింగిలో పొద్దెక్కేదాకా కమ్ముకుని ఉండేదీ మంచే, హిమాలయాల మీద కురిసేదీ మంచే. గడ్డకట్టిన నీటిని మాత్రం ఐసు అంటాం. ఆ ఐసు మనకు చెరకురసం బండి దగ్గర కనిపిస్తుంది, చేపల రేవులో పొడికొట్టి పెట్టెల్లో పోస్తుంటే కనిపిస్తుంది. అరచేతిలో పెట్టుకుంటే కాసేపటికి నీళ్లైపోతుంది. అంత నిలకడలేని దాని మీద బతుకంతా నిలబెట్టుకున్న ఒక మనిషి గురించి ఈ రోజు మాట్లాడతాను. పేరు యుజురు హన్యూ. జపాన్ ఈశాన్య తీరాన ఉన్న సెండాయ్ అతని ఊరు. ఫిగర్ స్కేటింగ్ అతని విద్య.

హన్యూ గెలుపుల లెక్క చెప్పడానికి ఎక్కువ సమయం అక్కర్లేదు. 2014 సోచి ఒలింపిక్స్‌లో స్వర్ణం, 2018 ప్యోంగ్‌చాంగ్‌లో మళ్లీ స్వర్ణం. 2014లోనూ 2017లోనూ ప్రపంచ చాంపియన్. 2013 నుంచి 2016 దాకా వరుసగా నాలుగేళ్లు గ్రాండ్ ప్రి ఫైనల్ అతనిదే. నన్ను కట్టిపడేసింది ఈ జాబితా కాదు. కబడ్డీ ఆడే పిల్లవాడు ఎక్కడైనా బరి గీసుకుని ఆడుకుంటాడు. క్రికెట్‌కి మన వీధే చాలు. ఫిగర్ స్కేటర్‌కి అలా కుదరదు. అతని కాళ్ల కింద ఉండే నేలను ఇంకెవరో తయారుచేసి పెట్టాలి. హన్యూ జీవితంలో ఆ నేల ఒకసారి మూతపడింది, ఒకసారి పగిలింది, ఒకసారి బూటును పట్టుకుని ఆపేసింది.

ఐస్ రింకు అంటే ఏమిటో ముందు చెబుతాను. పెద్ద పోటీలు జరిగే రింకు 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు ఉంటుంది. సిమెంటు గచ్చు లోపల గొట్టాలు పరిచి, వాటిలో ఉప్పునీటిలాంటి ద్రవాన్ని సున్నా డిగ్రీలకన్నా బాగా దిగువకు చల్లబరిచి తిప్పుతుంటారు. పైన నీళ్లు పొరలు పొరలుగా చల్లి గడ్డకట్టిస్తారు. అంత పెద్ద ఆవరణలో ఆ గడ్డ మందం చూస్తే మూడు నాలుగు సెంటీమీటర్లు. మధ్యమధ్య ఒక బండి వచ్చి పైపొరను గీకేసి, వేడినీళ్లు పరిచి సాపు చేసి వెళుతుంది. యంత్రాలు ఆపితే అది చెరువు కూడా కాదు, తడిసిన గచ్చు. కాబట్టి కరెంటు బిల్లు కట్టగలిగినన్నాళ్లే రింకు బతుకుతుంది.

ఇక ఆట సంగతి. ఫిగర్ అంటే ఇక్కడ గీతతో వేసే ఆకారం. 1990 దాకా ప్రపంచ పోటీల్లో ఒంటికాలి మీద జారుతూ ఐసు మీద సున్నాలు, ఎనిమిది అంకెలు గీయాల్సి ఉండేది. న్యాయనిర్ణేతలు దగ్గరికి వచ్చి వంగి ఆ గీతను పరీక్షించేవారు. మెలికల ముగ్గు వేసే ఆడవాళ్లకు అందులోని కష్టం ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. గీత తడబడకుండా తిరిగి తిరిగి మొదలుపెట్టిన చోటే కలవాలి. ఆ గీతల పోటీ తర్వాత ఎత్తేశారు. సంగీతానికి చేసే నృత్యం, గిరగిర తిరగడం, గాలిలోకి లేవడం మిగిలాయి.

బూటు అడుగున ఉండే ఇనుప పట్టీని ఒక్కసారి దగ్గరగా చూడాలి. మందం సుమారు 4 మిల్లీమీటర్లు. అడుగు చదునుగా ఉండదు, నిలువునా సన్నటి గాడి ఉంటుంది. అందువల్ల ఒక్కో పట్టీకి లోపలి అంచు, బయటి అంచు అని రెండు అంచులు ఏర్పడతాయి. స్కేటర్ నిలబడేది పట్టీ మీద కాదు, ఎప్పుడూ ఏదో ఒక అంచు మీద. ముందుకొసన రంపపు పళ్లలాంటివి ఉంటాయి, కొన్ని జంపులకు వాటిని ఐసులో గుచ్చి లేస్తారు. ఏ అంచు మీద నుంచి లేచాడు, పళ్లు గుచ్చాడా లేదా అన్నదాన్నిబట్టి జంపుకు పేరు. టో లూప్, శాల్కావ్, లూప్, ఫ్లిప్, లుట్జ్, యాక్సెల్ అని ఆరు. అన్నిటికీ దిగడం మాత్రం ఒకటే తీరు, వెనక్కి జారుతూ ఒంటికాలి మీద. శరీరం బరువుకు ఎన్నో రెట్ల దెబ్బ ఆ ఒక్క చీలమండ మీద పడుతుంది. హన్యూకు అది కుడికాలు. ఆ కుడి చీలమండ మన కథలో మళ్లీ వస్తుంది.

ఇదే విద్య చక్రాల బూట్ల మీదా ఉంది. విశాఖ బీచ్ రోడ్డులో వుడా పార్కు రింకు దగ్గర సాయంత్రాలు నిలబడితే ఎంతమంది పిల్లలో! చక్రాల మీద కళాత్మకంగా చేసే స్కేటింగులో కూడా అవే జంపులు, అవే పేర్లు. మన హైదరాబాద్ ఆటగాడు అనూప్ కుమార్ యమ 2010 గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో అందులోనే కాంస్యం గెలిచాడు. ఐసు లేని మన ప్రాంతంలో ఈ ఆటకు ఇంత దగ్గరి చుట్టం ఉన్నందుకు నాకు సంతోషం.

సెండాయ్ కోట పక్కన ఒక చిన్న కొలను ఉంది, గోషికినుమా. ఐదు రంగుల కొలను అని దాని పేరుకు అర్థం. జపాన్‌లో ఫిగర్ స్కేటింగ్ పుట్టింది అక్కడేనని చెప్పుకుంటారు. అలాంటి ఊళ్లో 1994 డిసెంబరు 7న హన్యూ పుట్టాడు. రెండేళ్ల వయసులోనే ఉబ్బసం బయటపడింది. నాలుగేళ్లకు అక్క వెంట రింకుకు వెళ్లి బూట్లు కట్టుకున్నాడు. చల్లటి గాలి పీల్చుతూ నాలుగు నిమిషాలు ఒళ్లు దాచుకోకుండా చేయాల్సిన ఆట, ఊపిరి ఆడని పిల్లవాడు. పెద్దయ్యాక కూడా పోటీ చివర్లో అతని ముఖం పాలిపోవడం, మోకాళ్ల మీద చేతులాన్చి రొప్పడం చూసినవాళ్లకు ఆ ఉబ్బసం గుర్తుకు రాక మానదు.

అతనికి పదేళ్లు వచ్చిన 2004లో, నేర్చుకుంటున్న ఐస్ రింక్ సెండాయ్ మూతపడింది. నడిపే సంస్థకు డబ్బు చాలలేదు, అంతే. సాధన గంటలు కుదించుకుపోయాయి. అదే రింకులో పెరిగిన షిజుకా అరకావా 2006 టురిన్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచి వచ్చి, మా ఊరి పిల్లలకు రింకు కావాలని అడిగింది. 2007లో తలుపులు తెరుచుకున్నాయి. ఒలింపిక్ స్వర్ణంతో ఒక మనిషి చేయగలిగిన అత్యంత మంచి పని ఇదేనని నాకు అనిపిస్తుంది. ఆ తెరిచిన రింకులో సాధన చేసిన పిల్లవాడు మూడేళ్లకు, 2010లో, హేగ్ నగరంలో ప్రపంచ జూనియర్ చాంపియన్ అయ్యాడు.

2011 మార్చి 11, శుక్రవారం. మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలు. పదహారేళ్ల హన్యూ ఐసు మీద సాధనలో ఉన్నాడు. కాళ్ల కింద నేల కదిలిపోయిందని మనం మాటవరసకు అంటుంటాం. అతనికి నిజంగానే కదిలింది. 9.0 తీవ్రత ఉన్న భూకంపం. స్కేటర్లు ఐసు దాటి ఒక్క అడుగు వేయాలన్నా ముందు ఆ ఇనుప అంచులకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకుంటారు. గట్టినేల తగిలితే అంచు చెడిపోతుందని ప్రాణంలా చూసుకుంటారు. ఆ రోజు తొడుగులు వేసుకునే వ్యవధి లేదు, బూట్లు విప్పే వ్యవధి అసలే లేదు. ఆ బూట్లతోనే గచ్చు మీద పరుగెత్తి బయటపడ్డాడు. తర్వాత సముద్రం వచ్చి తీరాన్ని ఊడ్చుకుపోయింది. చనిపోయినవాళ్లూ, జాడ తెలియకుండా పోయినవాళ్లూ కలిపి 18 వేలు దాటారు. హన్యూ కుటుంబం పునరావాస కేంద్రంగా మారిన వ్యాయామశాలలో నేల మీద రోజులు గడిపింది. ఊరంతా కరెంటు పోయింది. ఆ రాత్రి ఆకాశం నిండా నక్షత్రాలు కనిపించాయని తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. దీపాలున్నప్పుడు సెండాయ్‌లో ఎవరికీ కనిపించని నక్షత్రాలు.

రింకు పగిలింది. ఊరు నీళ్ల కోసం, అన్నం కోసం వరసలో నిలబడి ఉంటే స్కేటింగ్ ఎవరికి కావాలన్న ప్రశ్న అతన్ని తినేసింది. మానేద్దామనుకున్నాడు. చిన్నప్పుడు నేర్పిన గురువు షొయిచిరో త్సుజుకి యొకొహామాలో చేరదీశారు. ఏప్రిల్‌లో కోబెలో బాధితుల సహాయం కోసం ఏర్పాటుచేసిన ప్రదర్శనలో అతను హంసగా స్కేట్ చేశాడు. కోబె 1995లో తానే భూకంపానికి కూలి లేచిన ఊరు. అక్కడి జనం చప్పట్లు కొడుతుంటే అవి ఎక్కడ తగిలి ఉంటాయో మనం ఊహించుకోవచ్చు. ఆ ఏడాది అతను చేసిన ప్రదర్శనలు అరవై దాకా ఉన్నాయి. రింకు లేనివాడికి ప్రదర్శనకు ముందో తర్వాతో ఖాళీగా దొరికే ఐసే సాధనకు దిక్కు. ఊరూరా తిరుగుతూ అరువు ఐసు మీద తయారయ్యాడు.

ఏడాది తిరిగేసరికి, 2012 మార్చిలో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ప్రపంచ పోటీ. పోటీకి రెండు భాగాలు ఉంటాయి. మొదటి భాగంలో ఏడో స్థానం. రెండో భాగానికి రోమియో జూలియెట్ సంగీతం. కష్టమైన జంపులు దిగాడు. నడిమధ్యలో, జంపు కూడా కాని చోట, మామూలు అడుగు తడబడి దబ్బున పడ్డాడు. హాలంతా అయ్యో అంది. లేచాడు, ఊపు అందుకోవడానికి సరిపడా దూరం కూడా లేదు, అయినా ట్రిపుల్ యాక్సెల్‌కి ఇంకో ట్రిపుల్, అంటే మూడు చుట్ల జంపు, జోడించి దిగాడు. అక్కడి నుంచి చివరిదాకా ఆ పదిహేడేళ్ల పిల్లవాడు స్కేట్ చేసిన తీరు చూస్తే ఇప్పటికీ నా గొంతు పట్టేస్తుంది. కాంస్యం వచ్చింది. అతని పోటీల్లో ఒక్కటే చూడమని అడిగితే నేను స్వర్ణాలు రెండూ పక్కనపెట్టి ఇది చూడమంటాను.

ఆ తర్వాత టొరంటో వెళ్లాడు. 1984లోనూ 1988లోనూ ఒలింపిక్ రజతం గెలిచిన బ్రయన్ ఓర్సర్ అక్కడ గురువు. ఊరు కష్టంలో ఉండగా వదిలి వెళ్తున్నాననే బాధ వెంట ఉంది. 2014 ఫిబ్రవరిలో సోచి. మొదటి భాగంలో 101.45 మార్కులు. షార్ట్ ప్రోగ్రాం అనే ఆ భాగంలో పురుషుల్లో ఒకరు వంద దాటడం అదే మొదటిసారి. రెండో భాగంలో రెండుసార్లు పడ్డాడు, గెలుపు పోయిందనుకున్నాడు. కానీ తర్వాత దిగిన కెనడా ఆటగాడు పాట్రిక్ చాన్ కూడా తడబడ్డాడు. పంతొమ్మిదేళ్లకు స్వర్ణం. పురుషుల సింగిల్స్‌లో ఆసియా ఖండానికే అది మొదటి ఒలింపిక్ స్వర్ణం. తన ప్రదర్శన తనకే నచ్చని విజేత ముఖంతో విలేకరుల ముందు కూర్చున్నాడు. భూకంపం గురించి అడిగితే, పతకం గెలిచినంత మాత్రాన ఊరికి నేనేం చేయగలిగానన్నట్టు మాట్లాడాడు. చేశాడు. తన పుస్తకం మీద వచ్చిన డబ్బు సెండాయ్ రింకుకు ఇచ్చాడు.

అదే ఏడాది నవంబరులో షాంఘైలో జరిగింది చెప్పడం నాకు ఇష్టం లేదు, కానీ దాటవేయకూడదు. పోటీకి ముందు ఆరు నిమిషాలు అందరూ కలిసి ఒళ్లు వేడెక్కించుకునే సమయంలో చైనా ఆటగాడు యాన్ హాన్, హన్యూ ఎదురెదురుగా వేగంగా వచ్చి ఢీకొన్నారు. హన్యూ ఐసు మీద పడి లేవలేకపోయాడు. గడ్డం నుంచి నెత్తురు. తలకు కట్టు కట్టుకుని వచ్చి పూర్తి ప్రోగ్రాం చేశాడు, ఐదుసార్లు పడ్డాడు, రజతం తీసుకున్నాడు. ఎంత ధైర్యం అని లోకం మెచ్చుకుంది. నేను మెచ్చుకోలేను. తలకు దెబ్బ తగిలిన పంతొమ్మిదేళ్లవాడు దిగుతానంటే వద్దనే బాధ్యత చుట్టూ ఉన్న పెద్దలది. ఆ రోజు అతన్ని ఆపి ఉండాల్సింది.

తర్వాతి ఏడాది అతని ఆట పండింది. 2015 నవంబరులో నగానోలో 322.40 మార్కులు. అంతకుముందు ప్రపంచంలో ఎవరూ మూడువందలు దాటలేదు. రెండు వారాలకే బార్సిలోనాలో 330.43. ఆ మార్కులు తెచ్చిన ప్రోగ్రాం పేరు సేయ్‌మేయ్. వెయ్యేళ్ల కిందటి క్యోటో మాంత్రికుడు అబెనో సేయ్‌మేయ్ పాత్ర అది. సినిమాలో ఆ పాత్ర వేసిన సంప్రదాయ రంగస్థల నటుడు మన్సాయ్ నొమురా దగ్గరకు వెళ్లి, ప్రతి కదలికకూ అర్థం ఏమిటో, చెయ్యి ఎందుకు అలా ఎత్తాలో అడిగి తెలుసుకున్నాడు. మన కూచిపూడి గురువుల దగ్గర కూర్చున్న శిష్యుడు అడిగే ప్రశ్నలే అవి. జంపులు చాలామందికి వస్తాయి. ఎత్తిన చెయ్యి ఆగే క్షణంలో సంగీతంలోని డప్పు మోగడం అందరికీ రాదు.

2017 నవంబరు, ఒసాకా. సాధనలో క్వాడ్ లుట్జ్, అంటే నాలుగు చుట్ల లుట్జ్ నుంచి దిగుతూ కుడి చీలమండ మెలిపడింది. ఒలింపిక్స్‌కి మూడు నెలలు. చాలా రోజులు ఐసు మీద అడుగే పెట్టలేదు. మధ్యలో ఒక్క పోటీ కూడా ఆడకుండా నేరుగా దక్షిణ కొరియాలోని ప్యోంగ్‌చాంగ్‌కు వచ్చాడు. మొదటి రోజు షోపాన్ సంగీతానికి 111.68. మర్నాడు సేయ్‌మేయ్. కాలు భరించలేదని కష్టమైన లూప్‌ని, లుట్జ్‌ని క్వాడ్ల జాబితాలోంచి తీసేసి, ఉన్నవాటితోనే లెక్క సరిచూసుకున్నాడు. చివర్లో ఒక జంపు దిగుతూ ఒరిగి, పడబోయి, కాలు బలంతో ఎలాగో నిలబడ్డాడు. సంగీతం ఆగాక అతను చేసిన మొదటి పని వంగి తన కుడి చీలమండను రెండు చేతులతో పట్టుకోవడం. చాకిరీ చేసినవాళ్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఆ తర్వాత గ్యాలరీల నుంచి అభిమానులు విసిరిన పసుపుపచ్చ ఎలుగుబంటి బొమ్మలు వర్షంలా కురిశాయి. మొత్తం 317.85. వరుసగా రెండు ఒలింపిక్స్ పురుషుల సింగిల్స్‌లో గెలిచినవాడు అంతకుముందు చివరగా అమెరికాకు చెందిన డిక్ బటన్, 1948లో, 1952లో. మధ్యలో 66 ఏళ్లు గడిచాయి. ఏప్రిల్‌లో సెండాయ్ వీధుల్లో జరిగిన ఊరేగింపుకు లక్షమందికి పైగా వచ్చారు.

అక్కడితో ఆపేసి ఉంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. కానీ చిన్ననాటి నుంచి మనసులో ఉన్న జంపు ఒకటి మిగిలింది. యాక్సెల్. 1882లో వియన్నాలో నార్వే దేశస్థుడు యాక్సెల్ పౌల్సెన్ చేసి చూపించింది. మిగతా ఐదింటికీ వెనక్కి జారుతూ లేస్తారు, దీనికి ఎదురుగా చూస్తూ లేవాలి. దిగేది మాత్రం వెనక్కే. అందుకని అరచుట్టు అదనం. నాలుగు చుట్ల యాక్సెల్ అంటే నిజానికి నాలుగున్నర చుట్లు, సెకను నిండని వ్యవధిలో. పోటీలో దాన్ని అప్పటిదాకా ఎవరూ దిగలేదు. కరోనా రోజుల్లో టొరంటో వెళ్లే దారి లేక, గురువు పక్కన లేకుండా, సెండాయ్ రింకులో రాత్రిపూట ఒంటరిగా దానికోసం పడ్డాడు. పడ్డాడు అన్న మాట ఇక్కడ రెండు అర్థాల్లోనూ నిజం.

2022 ఫిబ్రవరి 8, బీజింగ్ ఒలింపిక్స్. మొదటి భాగం, మొదటి జంపు, క్వాడ్ శాల్కావ్. వెనక్కి జారుతూ వచ్చి లేవబోయే చోట ఐసులో చిన్న గుంట ఉంది. బూటు అంచు అందులో పట్టింది. శరీరం ఆగిపోయింది. నాలుగు చుట్లకు బదులు ఒక్కటే తిరిగి దిగాడు, దానికి సున్నా. మిగతాదంతా మచ్చలేకుండా చేశాడు. అయినా ఎనిమిదో స్థానం. ఐసుకు తనంటే గిట్టలేదేమో అన్నట్టు మాట్లాడాడు తప్ప ఎవరినీ తప్పుపట్టలేదు. రెండోభాగానికి ముందురోజు సాధనలో అదే కుడి చీలమండ మళ్లీ దెబ్బతింది. నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ చేయించుకుని దిగాడు.

ఆ ఉదయం నేను ఫోన్ స్క్రీన్ మీద చూస్తూ ఉన్నాను.  పతకం కావాలంటే యాక్సెల్ వదిలేసి సులువైనది చేసుకోవచ్చు. అతను ఎదురుగా చూస్తూ లేచాడు. తిరిగాడు. దిగాడు, నిలవలేదు, పడ్డాడు. చుట్లు కొంచెం తక్కువైనా దాన్ని క్వాడ్ యాక్సెల్‌గానే న్యాయనిర్ణేతలు రాసుకున్నారు, పోటీల్లో ఆ పేరు రాసుకోవడం అదే మొదలు. అతనికి నాలుగో స్థానం. స్వర్ణం అమెరికా ఆటగాడు నేథన్ చెన్‌కి. సెప్టెంబరులో అమెరికాకే చెందిన పదిహేడేళ్ల ఇలియా మాలినిన్ ఆ జంపును నిలబడి దిగాడు. అప్పటికి, జులైలోనే, హన్యూ పోటీలకు సెలవు చెప్పి వృత్తి స్కేటర్‌గా మారాడు.

సెండాయ్ పక్కన రిఫు అనే పట్టణంలో ఒక పెద్ద ఇండోర్ క్రీడాప్రాంగణం ఉంది. 2011లో సునామీ తర్వాత దొరికిన దేహాలను తెచ్చి వరసగా పడుకోబెట్టింది అక్కడే. ఆనవాలు పట్టడానికి కుటుంబాలు వచ్చింది అక్కడికే. 2023 మార్చిలో ఆ గచ్చు మీద గొట్టాలు పరిచి, నీళ్లు చల్లి గడ్డకట్టించారు. 10, 11, 12 తేదీల్లో హన్యూ తోటి కళాకారులను పిలిచి ప్రదర్శన ఇచ్చాడు. పేరు నోట్టె స్టెల్లాటా. ఇటలీ భాషలో నక్షత్రాల రాత్రి. తెల్లటి హంస దుస్తుల్లో అతను ఐసు మీదికి వచ్చాడు. కోబెలో పదహారేళ్ల వయసులో వేసుకున్నదీ హంస వేషమే. పైన హాలంతా చీకటి చేసి చిన్న చిన్న దీపాలు వెలిగించారు. కింద కూర్చున్నవాళ్లలో పన్నెండేళ్ల కిందట అదే తలుపులోంచి లోపలికి వచ్చినవాళ్లు ఎందరున్నారో.